నమ్మవద్దు, సరిచూసుకో: సుల్తాన్ బజారు నుండి గచ్చిబౌలి దాకా

చాలాకాలంగా ఈ విషయం మీద రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. మా చెల్లెలి కొడుకు అడిగిన ఒక్క ప్రశ్న ఇక వాయిదా వేయనివ్వలేదు.

వాడు పోయిన ఏడాది ఇంజనీరింగు కళాశాలలో చేరాడు. చేరిన మొదటి మూడు వారాలూ పాఠాలు లేవట. ఆటలు, బొమ్మలు గీయడం, ఊరు చూడడం, ఇరవైమంది చొప్పున గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం, అంతే. ఒక శనివారం సాయంత్రం కొండాపూరులోని మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. పేజీని నిలువుగీతతో రెండుగా విభజించి, ఎడమవైపు తనకు కావలసినవన్నీ వరుసగా రాసుకున్నాడు. బండి. మంచి ఫోను. హైటెక్ సిటీలో ఉద్యోగం. అమ్మకు సొంత ఇల్లు. స్నేహితులు. చివరి వరుసలో, చిన్న అక్షరాలతో, "నన్ను చూసి ఎవరూ నవ్వకూడదు." కుడివైపున, ప్రతిదానికీ ఎదురుగా, అది శరీరానికి కావాలా, లోపలున్న తనకు కావాలా అన్నది తేల్చి రాయాలి. చాలా గళ్ళు నింపాడు. చివరిది ఖాళీగా ఉంది.

"నిన్ను చూసి ఎవరు నవ్వారురా?" అన్నాను.

"అందరూ. నన్ను నేను పరిచయం చేసుకుంటున్నప్పుడు, నా ఇంగ్లీషుకి." పదో తరగతి దాకా మునగాల దగ్గర తెలుగు మాధ్యమంలో చదివినవాడు. కాసేపాగి అడిగాడు. "మామయ్యా, నీకేం కావాలో నీకు ఎప్పుడు తెలిసింది?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవయ్యేళ్ళకు పైగా మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరుల మధ్య తిరుగుతున్నవాణ్ణి. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నడూ సూటిగా అడుగుకోలేదు. నా సంగతి నాకు తెలియనప్పుడు ఊరి సంగతి వెదకడం నాకున్న పాత అలవాటు. ఈ నగరంలో పడుచువాళ్ళు తమను తాము తెలుసుకోవడానికి ఎవరెవరు ఏ ఏర్పాట్లు చేశారో చూద్దామని పాత పుస్తకాలు తిరగేశాను. ఆ వెదుకులాట ఫలితమే ఈ వ్యాసం.

* * *

మొదట 1901కి వెళ్దాం. ఆ ఏడాది సెప్టెంబరు 1న, హైదరాబాదు రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలయింది. రంగారావు గారితో పాటు దీనికి పూనుకున్నవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు. మునగాల అప్పట్లో చుట్టూ నైజాం నేల ఉన్న ఒక చిన్న పరగణా; పాలన లెక్కలో మాత్రం కృష్ణా జిల్లాది. లక్ష్మణరావు ఆ సంస్థానానికి దివాను. మా వైపు ఊళ్ళలో ఈ పేర్లు పెద్దవాళ్ళ నోట వింటూ పెరిగాను కనుక వీళ్ళంతా తెల్లగడ్డాల వృద్ధులని చిన్నప్పుడు ఊహించుకునేవాణ్ణి. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలిగింది. 1877లో పుట్టిన లక్ష్మణరావుకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మిగిలిన ఇద్దరూ ఇంచుమించు ఆ వయసువారే. ఈనాడు మాదాపూరులో మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకుని కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల వయసు అది.

ఆనాడు నైజాములో రాజభాష ఉర్దూ. చదువూ, కచేరీ, కొలువూ అన్నీ దానిలోనే. ఇంట్లో తెలుగు, వీధి దాటితే మరొకటి. అటువంటి చోట ఒక గది, కొన్ని తెలుగు పుస్తకాలు, పత్రికలు, కూర్చునేందుకు చాపలో కుర్చీలో ఉండడం అంటే ఏమిటో మనబోటివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు. పుస్తకం ఉంది, చదువుకో. ఏమనిపించిందో పక్కవాడితో చెప్పు. అంతే దాని పద్ధతి.

అక్కడితో ఆగలేదు. 1906లో ఇదే మిత్రబృందం, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివారితో కలిసి, హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టింది. శాస్త్రం, చరిత్ర, జీవితచరిత్రలు సులభమైన తెలుగులో అచ్చువేయడం దాని పని. మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆయన 1883లో పుట్టినవాడు. అదీ పాతికేళ్ళ లోపు పనే. 1908లో మండలి మద్రాసుకు తరలిపోయింది. రావిచెట్టు రంగారావు 1910లో చిన్నవయసులోనే కన్నుమూశారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు నిలయం సొంత భవనానికి విరాళమిచ్చారు. సుల్తాన్ బజారులో ఆ నిలయం ఈనాటికీ ఉంది.

అదే 1906లో, అదే నగరంలో, మరొక పద్దెనిమిదేళ్ళ యువకుడు వేరొక పని మొదలుపెట్టాడు. ఆయన మాదరి భాగయ్య. తరువాతి కాలంలో భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధుడు. అంటరానివారుగా ఊరి బయట ఉంచబడిన కులాలవారి కోసం జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా, భజనల ద్వారా తనవారిని కూడగట్టాడు. 1910లో ఇసామియా బజారులో వారి పిల్లలకు బడి పెట్టాడు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో జరిగిన సభకు ఆయనే అధ్యక్షుడు. ఆ సభ 'పంచమ' అన్న పేరును తోసిపుచ్చి, మేము ఆదిఆంధ్రులమని ప్రకటించింది. ఎదుటివాడు పెట్టిన పేరు నాది కాదు, నా పేరు నేను పెట్టుకుంటాను అని ఒక సమూహం తేల్చి చెప్పింది. తనను తాను తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన చరిత్రలో నాకు కనబడలేదు.

ఈ రెండు పనులూ ఒకే నగరంలో దాదాపు ఒకేసారి జరిగినా, ఒకదాని తలుపులు మరొకదానివైపు తేలికగా తెరుచుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి. పడుచువాళ్ళ కోసం పెట్టిన ప్రతి గదికీ ఒక గడప ఉంటుంది. ఆ గడప ఎవరు దాటగలరన్నది ఎప్పుడూ అడగవలసిన ప్రశ్నే.

* * *

తరువాతి మెట్టు వసతిగృహాలు. పల్లెల నుండి పట్నానికి చదువుకు వచ్చే పిల్లలకు తలదాచుకునే చోటు లేని రోజుల్లో, 1918లో, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసింది. ఆయన తరువాత నగరానికి కొత్వాలు అయ్యారు. క్రమంగా ఇతర కులాలవారూ తమ పిల్లలకోసం వసతిగృహాలు కట్టుకున్నారు. పేరులోనే కులం ఉన్న సంస్థల హద్దులు మనకు తెలిసినవే. కాని ఆ హాస్టలుకు 1924 ప్రాంతంలో కార్యదర్శిగా వచ్చినవారు సురవరం ప్రతాపరెడ్డి. అన్నం, పక్క ఏర్పాటు చేసి ఊరుకునే మనిషి కాదాయన. అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. పిల్లల చేత చదివించారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్లుగా ఒకరు రాస్తే, వాదనకు దిగకుండా ఊరూరా కవులను వెదికించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. 'నీవు లేవు' అన్నవాడికి 354 సార్లు 'ఉన్నాను' అని చెప్పించడమన్నమాట.

ఈ రెంటి మధ్యలో జరిగిన ఒక సంగతి నా మేనల్లుడికి ప్రత్యేకంగా చెప్పాను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఉపన్యాసాలు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలలో సాగుతున్నాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి, చప్పట్లు. ఆయన మాట సాగనివ్వలేదు. నగరంలో తెలుగువారు తక్కువేమీ కాదు. అయినా నిండుసభలో తెలుగు నవ్వులపాలయింది. ఆ రాత్రే కొద్దిమంది ఒకచోట కూర్చున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటివారు అందులో ఉన్నారు. అలా ఆంధ్రజనసంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయాలు, పాఠశాలలు, చివరకు ఆంధ్ర మహాసభ దాకా సాగిన పెద్ద కథకు అది మొదటి పేజీ.

"నవ్వినవాళ్ళని ఏం చేశారు మామయ్యా?" అన్నాడు వాడు.

"ఏమీ చేయలేదు. వాళ్ళకేసి చూడడం మానేసి, ఒకళ్ళకేసి ఒకళ్ళు చూసుకున్నారు," అన్నాను.

1938 చివరలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో విద్యార్థులు వందేమాతరం పాడితే నిషేధించారు. వందలమందిని బహిష్కరించారు. వారికి నాగపూరు విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. అలా నాగపూరు చేరినవారిలో తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఒకరు. పాట పాడేముందు ఆ పిల్లలకు తామెవరో పూర్తిగా తెలిసి ఉంటుందని నేననుకోను. పాడాక, చదువు పోయాక, పెట్టె పట్టుకుని రైలెక్కాక తెలిసి ఉంటుంది.

* * *

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పనిని ప్రభుత్వం కూడా భుజాన వేసుకుంది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం ఆరంభమయింది. మనందరం ఎన్నెస్సెస్ అని పిలుచుకునేది అదే. దాని సూత్రం 'నేను కాదు, నువ్వు'. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల పల్లె శిబిరం. మన తరంలో చాలామంది మొదటిసారి పలుగు పట్టిందీ, మొదటిసారి మరో కులం వాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు తాగిందీ ఆ శిబిరాల్లోనే.

కాని చరిత్ర చమత్కారం చూడండి. అదే 1969లో హైదరాబాదు వీధుల్లో విద్యార్థులు ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమిస్తున్నారు, కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. 1972లో కోస్తా, రాయలసీమల్లో మరో ఉద్యమం. ఆ రెంటికీ సమాధానంగా 1973లో ఆరుసూత్రాల పథకం వచ్చింది. అందులో ఒక సూత్రం హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో అది ఏర్పడి, మొదట ఆబిడ్స్ లో సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో నడిచి, తరువాత గచ్చిబౌలి రాళ్ళ మధ్యకు చేరింది. అంటే ఈనాడు ఐటీ కారిడార్ అని పిలుచుకునే ఈ ప్రాంతానికి అద్దాల మేడలకంటే ముందు వచ్చిన పెద్ద సంస్థ ఒక విశ్వవిద్యాలయం. అది పడుచువాళ్ళ ఆగ్రహం నుండి పుట్టింది. రోజూ దాని ప్రహరీ పక్కనుంచే ఆఫీసుకు వెళ్ళే నాకు ఆ సంగతి చాలా ఏళ్ళ దాకా తట్టనేలేదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ ఏడాదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ నెలకొన్నది. నేను 2000లో వచ్చాను. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సు, ఒక గదిలో ఆరుగురం, 2001లో అమెరికా మాంద్యంతో ఖాళీగా తిరగడం, చివరకు 2003లో మాదాపూరులో ఉద్యోగం. మీలో చాలామంది కథ కూడా ఇదే అయి ఉంటుంది.

ఆ సంస్థ ఒకసారి మమ్మల్ని రెండు రోజులు ఊరి బయట ఒక విడిదిలో ఉంచి వ్యక్తిత్వ వికాస శిక్షణ ఇప్పించింది. మిమ్మల్ని మీరు తెలుసుకోండి అన్నది దాని పేరు. ప్రశ్నావళి నింపితే మనం నాలుగు రకాల మనుషుల్లో ఏ రకమో చెప్పారు. నేను మూడో రకం. నా ఉచ్చారణ విని కొందరు నవ్వారు. శిక్షకుడు కూడా సరదాగానే నవ్వి, దాన్ని మార్చుకుంటే చాలా ఎదుగుతావన్నాడు. మార్చుకున్నాను. ఎదిగాను కూడా. కాని నన్ను నేను తెలుసుకోవడం అంటే ఇంకొకరికి పనికివచ్చేటట్లు నన్ను సానబట్టుకోవడమే అనుకుంటూ చాలా సంవత్సరాలు గడిపాను. 2006లో ఒక రాత్రి తెరమీద మొదటిసారి తెలుగు అక్షరం కొట్టి, అది చతురస్రపు డబ్బాలా కాక అక్షరంలాగే కనబడినప్పుడు ఏదో కదిలింది. అది వేరే కథ. మీ అందరికీ తెలిసిన కథే.

* * *

ఆ రోజుల్లోనే నా ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఇంకొక ప్రయోగం జరుగుతున్నదని నాకు తెలియదు.

ట్రిపుల్ ఐటీకి 2002 నుండి 2013 దాకా సంచాలకులుగా ఉన్నవారు రాజీవ్ సంగల్. తెలుగు జాలంతో సంబంధమున్న మనకు ఆ పేరు వేరే కారణంగా తెలుసు. వినీత్ చైతన్య తదితరులతో కలిసి ఐఐటీ కాన్పూరులో, తరువాత హైదరాబాదులో, భారతీయ భాషల మధ్య 'అనుసారక' అనువాద యంత్రంపై పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన. ఆయన హయాంలో, 2005లో, ట్రిపుల్ ఐటీ మొదటి సంవత్సరం విద్యార్థులకు మానవ విలువల కోర్సు ఒకటి మొదలయింది. దాని మూలం 'జీవన విద్య' శిబిరాలు. వాటి వెనుక ఉన్న ఆలోచన ఏ. నాగరాజ్ ప్రతిపాదించిన మధ్యస్థ దర్శనం. ఆయన 1920లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో పుట్టి, నర్మద పుట్టిన అమరకంటక్ లో స్థిరపడినవారు, 2016లో మరణించారు.

ఈ పద్ధతికి ప్రాణం ఒక షరతు. ఇక్కడ చెప్పేదంతా ప్రతిపాదన మాత్రమే. చెప్పారు కదా అని నమ్మవద్దు, కాదని తోసివేయవద్దు. నీ లోపల నీకు సహజంగా సమ్మతమవుతుందో లేదో సరిచూసుకో, తరువాత నీ నడతలో పెట్టి చూడు. పెద్ద తరగతిలో ఉపన్యాసం ఒక భాగం మాత్రమే. అసలు పని చిన్న చిన్న బృందాల్లో, ఒక అధ్యాపకుడి సమక్షంలో, సంభాషణగా జరుగుతుంది.

అందులో ఒక అభ్యాసం నన్ను బాగా పట్టుకుంది. నాలుగు ప్రశ్నలు. నన్ను నేను సంతోషంగా ఉంచుకోవాలనుకుంటానా? ఎదుటివాణ్ణి సంతోషంగా ఉంచాలనుకుంటానా? ఎదుటివాడు తాను సంతోషంగా ఉండాలనుకుంటాడా? ఎదుటివాడు నన్ను సంతోషంగా ఉంచాలనుకుంటాడా? మొదటి మూడింటికీ అందరూ అవునంటారు. నాలుగోదాని దగ్గర కలం ఆగిపోతుంది. ఆ తరువాత అవే నాలుగు ప్రశ్నలు 'అనుకుంటానా' బదులు 'ఎల్లప్పుడూ చేయగలుగుతున్నానా' అన్న రూపంలో వస్తాయి. అప్పుడు బయటపడేది ఇది. నా విషయానికి వచ్చేసరికి నా ఉద్దేశాన్ని చూసుకుంటాను. ఎదుటివాడి విషయానికి వచ్చేసరికి వాడి చేతకానితనాన్ని చూస్తాను. నా వల్ల నొప్పి కలిగితే పొరపాటు, వాడి వల్ల కలిగితే దురుద్దేశం. అపనమ్మకం అక్కడ పుడుతుందంటారు. నేను పడుకోబోతూ ఆ నాలుగు ప్రశ్నలూ వేసుకుని చూశాను. ఆనాడు నవ్విన శిక్షకుడి ముఖం గుర్తుకు వచ్చింది. చాలాసేపు నిద్ర పట్టలేదు.

గచ్చిబౌలిలో మొదలైన కోర్సు అక్కడే ఉండిపోలేదు. గౌర్, సంగల్, బగారియా కలిసి దీనికి పాఠ్యపుస్తకం రాశారు. 2009 ప్రాంతంలో ఉత్తర ప్రదేశ్ సాంకేతిక విశ్వవిద్యాలయం తన కళాశాలలన్నిటిలోకీ తీసుకున్నది. సంగల్ తరువాత కాశీలోని ఐఐటీకి సంచాలకులుగా వెళ్ళారు. అక్కడ 2016లో కొత్త విద్యార్థులకు నెలరోజుల ఆరంభ కార్యక్రమం పెట్టారు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన నమూనా పాఠ్యప్రణాళికలో మూడు వారాల ఆరంభ కార్యక్రమాన్ని చేర్చింది. వ్యాయామం, కళలు, సాహిత్యం, ఊరి సందర్శన, ఇరవైమందికి ఒక అధ్యాపకుడితో విలువల చర్చ అందులో భాగాలు. దానికి తోడు ఆ తరువాత ఒక సెమిస్టరులో మూడు క్రెడిట్ల విలువల కోర్సు. మా వాడు నా ముందు పెట్టిన నోటుపుస్తకం అలా పుట్టింది. నా ఇంటికి కూతవేటు దూరంలో మొదలైన పని దేశమంతా తిరిగి, మా చెల్లెలి కొడుకు సంచిలో మళ్ళీ నా ఇంటికి వచ్చిందన్నమాట.

* * *

ఇక్కడ నాకొక సందేహం ఉంది. దాన్ని దాచి పొగడ్తలతో ముగించడం న్యాయం కాదు.

భాషానిలయంలో పుస్తకం ఉండేది కాని పరీక్ష ఉండేది కాదు. ఆంధ్రజనసంఘానికి ఎవరూ హాజరు పట్టీ పెట్టలేదు. వందేమాతరం పాడమని ఏ ప్రణాళికా చెప్పలేదు. తనకు తాను నడిచి వచ్చినవాడికి మాత్రమే ఆ గదులు పనికివచ్చాయి. మరి 'నిన్ను నీవు తెలుసుకో' అన్నది తప్పనిసరి పాఠ్యాంశమైనప్పుడు ఏమవుతుంది? నేను అంటే శరీరం కాదు, శరీరం నాకు పనిముట్టు అన్నది ఆ కోర్సులో ఒక ప్రతిపాదన. ఒక పిల్లవాడు నిజాయితీగా సరిచూసుకుని, నాకు అలా అనిపించడం లేదు, నాకు శరీరం తప్ప వేరే 'నేను' కనబడడం లేదు అంటే? షరతు ప్రకారం వాడు సరిగ్గానే చదివినట్లు. పరీక్ష కాగితం మీద మాత్రం వాడికి ఎన్ని మార్కులు వస్తాయి? జవాబు ముందే అచ్చయి ఉన్న ప్రశ్న, ఎంత మంచిదైనా, ప్రశ్న కాదు. అంగడిలో అమ్మే గైడు పుస్తకం నుండి 'నమ్మకం అనగానేమి' అన్నదానికి ఐదు మార్కుల జవాబు బట్టీపట్టడం మొదలయిన రోజున, 'నమ్మవద్దు, సరిచూసుకో' అన్న మాట ఆ కోర్సులోంచి లేచి వెళ్ళిపోతుంది.

అలాగని తప్పనిసరి చేయకపోతే? తనకు తాను నడిచి రాగలిగినవాడే వస్తాడు. లక్ష్మణరావుకు దివాను గిరీ ఉంది, రంగారావుకు ఇల్లుంది. మునగాల పక్క ఊరినుండి వచ్చి ఇంగ్లీషుకు బెదిరి వెనక బెంచీలో కూర్చున్న కుర్రవాడు తనంత తానుగా ఏ గడప దాటుతాడు? హైటెక్ సిటీలో ఉద్యోగం అన్న మాట తప్ప వాడికి ఎవరూ మరో మాట నేర్పలేదు. తప్పనిసరి అనడం వల్లనే వాడి చేతికి ఆ కాగితం వచ్చింది. ఆ కాగితం లేకపోతే చివరి వరుసలోని ఆ చిన్న అక్షరాలు వాడు ఎక్కడా రాసి ఉండేవాడు కాదు, నాకు చూపించి ఉండేవాడూ కాదు.

కనుక నాకు తోచినది ఇది. పేరు భాషానిలయమైనా, హాస్టలయినా, ఎన్నెస్సెస్ అయినా, ఆరంభ కార్యక్రమమయినా, పడుచువాడికి మూడే కావాలి. కూర్చోవడానికి ఒక చోటు, పక్కన వినే ఒక పెద్ద మనిషి, తప్పు జవాబు చెప్పే స్వేచ్ఛ. మొదటిది ప్రభుత్వం ఇవ్వగలదు. రెండవది సంస్థ వెదకగలదు. మూడవది మాత్రం ఆ గదిలో ఉన్న మనిషి ఒక్కడే ఇవ్వగలడు. ఏ ప్రణాళికా దాన్ని రాసి ఇవ్వలేదు. ఏ ప్రణాళికా దాన్ని ఆపలేదు కూడా.

* * *

పోయిన నెల మా వాణ్ణి సుల్తాన్ బజారు తీసుకువెళ్ళాను. బట్టల కొట్లు, తోపుడుబళ్ళు, జనం దాటుకుని నిలయం లోపలికి వెళ్ళాం. పత్రికలు చదువుకుంటున్న నలుగురైదుగురు పెద్దవాళ్ళున్నారు. వాడు కాసేపు బీరువాల మధ్య తిరిగి, ఒక పాత పుస్తకం తీసి, నిలబడే రెండు పేజీలు చదివాడు. బల్ల మీద ఎవరో పెట్టి వెళ్ళిన కళ్ళజోడు కనబడితే తీసుకువెళ్ళి లోపల ఇచ్చి వచ్చాడు.

బయటకు వచ్చి టీ తాగుతుండగా అడిగాను. "ఆ నాలుగో ప్రశ్న ఏం చేశావురా?"

"ఎదుటివాడు నన్ను సంతోషంగా ఉంచాలనుకుంటాడా అన్నదా? 'తెలియదు' అని రాశాను మామయ్యా. అందరూ 'అవును' అని రాశారు. కిందటి ఏడువాళ్ళు అదే రాయమని చెప్పారట."

"మీ సారు ఏమన్నారు?"

"కొట్టేయలేదు. చదివి, పక్కన సున్నా చుట్టి, వచ్చే వారం దీని గురించి మాట్లాడదాం అన్నారు. మాట్లాడారు కూడా. ఆయన చదువుకున్న రోజుల్లో ఆయన్ని చూసి కూడా నవ్వారట."

పరీక్షలో ఏం రాస్తావని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. కోఠీ దగ్గర బస్సెక్కి, మెహదీపట్నం మీదుగా గచ్చిబౌలి వచ్చేసరికి చీకటి పడింది. అద్దాల మేడల్లో దీపాలు వెలిగాయి. "నువ్వింకా చెప్పలేదు," అన్నాడు వాడు కిటికీలోంచి చూస్తూ. నీకేం కావాలో ఎప్పుడు తెలిసిందన్న ప్రశ్న వాడు మరిచిపోలేదు.

"ఇంకా సరిచూసుకుంటున్నాను," అన్నాను.

మిత్రులారా, మీలో ఎవరికైనా ఇరవయ్యేళ్ళ వయసులో అటువంటి గది ఒకటి దొరికి ఉంటే, అటువంటి మనిషి ఒకరు ఎదురై ఉంటే, తప్పక రాయండి. అది గ్రంథాలయమో, శిబిరమో, హాస్టలు మేడమీద పిట్టగోడో, ఏదయినా సరే. ఈ చరిత్రలో ఎక్కువ భాగం ఎక్కడా అచ్చుకాలేదు. అది మన దగ్గరే ఉంది.